ఎడమవైపు బుష్

జూన్‌లో మొదటి వానలు పడి, కూకట్‌పల్లి రోడ్ల మీద గుంతలు తేలిన వారంలోనే నా బండి వెనక నుంచి ఒక చప్పుడు మొదలైంది. స్పీడ్ బ్రేకర్ దిగిన ప్రతిసారీ ‘టక్’మని దెబ్బ. సర్వీసింగ్ షెడ్డుకు తీసుకెళ్తే షాకబ్జర్లు రెండూ మార్చాలన్నారు. నాకు నమ్మకం కలగలేదు.

ఎవరేం చెప్పినా వెంటనే నమ్మకపోవడం నాకు ఉద్యోగం నేర్పిన అలవాటు. హైటెక్ సిటీలో ఒక కంపెనీలో, ఉన్నట్టుండి ఆగిపోయిన సాఫ్ట్‌వేర్లలో తప్పెక్కడ జరిగిందో వెతికే టీములో పదకొండేళ్లుగా పనిచేస్తున్నాను. మొదట కనిపించిన కారణం అసలు కారణం కాకపోవచ్చని కొత్తగా చేరినవాళ్లకు పాఠం చెప్పేది కూడా నేనే.

ఇంటికి తెచ్చి నేనే చూసుకున్నాను. షాకబ్జర్‌కు పైనా కిందా గుండ్రటి రంధ్రాలుంటాయి. వాటిలో రబ్బరు బుష్‌లు, ఆ బుష్‌ల మధ్య చిన్న ఇనుప గొట్టాలు. దెబ్బను ముందు తినేది ఆ రబ్బరే. అది అరిగిపోతే ఇనుము ఇనుముకు తగిలి చప్పుడొస్తుంది. షాకబ్జర్లు బాగానే ఉన్నాయి. బుష్‌లు మార్చుకుంటే చాలు.

శనివారం పొద్దున మా అపార్ట్‌మెంట్ కింద పార్కింగులో పని మొదలుపెట్టాను. మా వాచ్‌మన్ రాజయ్య అడక్కుండానే వచ్చి బండి వెనక కమ్మీ పట్టుకున్నాడు.

“మీరు ఇప్పుకోండ్రి సార్, నేను పట్టుకుంట. ఫికర్ జేయకుండ్రి.”

యాభై దాటిన మనిషి. పుప్పాలగూడ సొంతూరు. భార్య రుక్కమ్మతో కలిసి తొమ్మిదేళ్లుగా మా మెట్ల కింది గదిలో ఉంటున్నాడు. రుక్కమ్మ మెట్లు ఊడ్చి, మూడు ఫ్లాట్లలో అంట్లు తోమేది. నీళ్ల ట్యాంకర్ వచ్చినప్పుడు బళ్లు పక్కకు జరపాలి కాబట్టి మా అందరి రెండో తాళాలు రాజయ్య దగ్గరే ఉండేవి. హ్యాండిల్ లాక్ తీసి, బండిని జాగ్రత్తగా పక్కకు నెట్టేవాడు.

మా నాన్న సుబ్రహ్మణ్యం పేపరు పట్టుకుని కిందికి దిగి, ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చున్నారు. అమలాపురం దగ్గర ఇరిగేషన్ ఆఫీసులో హెడ్ క్లర్కుగా చేసి రిటైరయ్యారు. అమ్మ పోయాక నాలుగేళ్లుగా మా దగ్గరే ఉంటున్నారు. నిరుడు స్కూటర్ మీద నుంచి పడి మణికట్టు విరగ్గొట్టుకున్నారు. ఆ వారమే స్కూటర్ అమ్మేశాను. “నాన్నా, ఇక బండి మాట ఎత్తకు” అన్నాను. ఆయన మళ్లీ ఎత్తలేదు.

ముందు ఎడమవైపు షాకబ్జర్ విప్పాను. రెండూ ఒకేసారి విప్పితే వెనక చక్రం కిందికి జారిపోతుంది. పొడవాటి బోల్టు, రెండు వాషర్లు, ఒక గొట్టం ముక్క పెట్టి బిగిస్తుంటే పాత రబ్బరు ముక్కలు ముక్కలుగా బయటికొచ్చింది. కొత్త బుష్‌కు సబ్బు నీళ్లు రాసి అదే బోల్టుతో లోపలికి లాగాను. అరగంట పట్టింది. కుడివైపుది ఇరవై నిమిషాల్లో అయిపోయింది.

“ఆ స్ప్రింగు కింద మెట్లెందుకురా?” అని నాన్న అడిగారు.

“ఒక్కరే అయితే రెండో మెట్టు చాలు నాన్నా. వెనక బరువైన మనిషి కూర్చుంటే నాలుగుకు పెంచుకోవాలి. ఇదిగో, ఈ కొక్కెం స్పానరుతో. సీటు కిందే ఉంటుంది.”

ఆయన స్పానరు చేతిలోకి తీసుకుని చూసి ఇచ్చేశారు. నేను మెట్టు రెండు మీద పెట్టి, మీటర్ రీడింగును ఫోన్లో ఫోటో తీసుకున్నాను. ఏ పని చేసినా ముందూ వెనకా లెక్క రాసుకోవడం కూడా అలవాటే. చప్పుడు పోయింది.

జూలై నెలాఖరులో మళ్లీ వచ్చింది.

నేను వారానికి మూడు రోజులు, మంగళ, బుధ, గురువారాలు ఆఫీసుకు వెళ్తాను. క్యాబ్ వాళ్లే పంపుతారు. నా భార్య జయంతి స్కూల్లో సోషల్ టీచరు. ఆమె స్కూలు బస్సులో వెళ్తుంది. ఇక బండి తీసేది శని, ఆదివారాల్లో కూరగాయలకూ, చిన్నాచితకా పనులకూ. అలాంటి బండికి ఆరు వారాల్లో బుష్ ఎలా పోతుంది?

విప్పి చూశాను. కుడివైపు రబ్బరు కొత్తదానిలా ఉంది. ఎడమవైపుది ఒక పక్కకు నలిగి, రంధ్రం కోడిగుడ్డు ఆకారంలోకి సాగింది. స్ప్రింగు మెట్టు చూశాను. నాలుగు మీద ఉంది. మీటర్ చూసి, ఫోన్లో ఫోటోతో పోల్చుకున్నాను. నేను తిరిగిన దూరానికి ఐదింతలుంది.

అరిగిన బుష్ జేబులో వేసుకుని కూకట్‌పల్లి మార్కెట్ దగ్గరున్న స్పేర్ పార్టుల దుకాణానికి వెళ్లాను. అతను దాన్ని వేళ్ల మధ్య తిప్పి చూసి నవ్వాడు.

“భాబీ ఒక్క దిక్కే కాళ్లేసి కూసుంటది గదన్నా? చీర కట్టుకుంటే గంతే. బరువంత ఎడమ దిక్కు పడ్తది. గిట్ల గుంతల్ల రోజు తిప్పితే ఏ కంపెనీ బుష్ అయినా ఆగది.”

“మా ఆవిడ అసలు బండెక్కదు” అన్నాను.

అతను నవ్వడం ఆపి, కొత్త బుష్‌లు కాగితంలో చుట్టి ఇచ్చాడు.

ఆ మాట నన్ను వదల్లేదు. నా బండి మీద ఒక ఆడమనిషి ఒక పక్కకు కూర్చుని తిరుగుతోంది. తాళాలు రెండే. ఒకటి మా హాల్లో కొక్కేనికి ఉంటుంది. రెండోది రాజయ్య దగ్గర. ఇంక ఆలోచించాల్సింది ఏముందనిపించింది.

అప్పటి నుంచి నేను రాజయ్యను చూసే తీరు మారిపోయింది. పొద్దున క్యాబ్ ఎక్కేటప్పుడు అతను నమస్తే పెడితే, ‘నేనెప్పుడు వెళ్తానా అని చూస్తున్నాడు’ అనుకునేవాణ్ణి. మధ్యాహ్నం ఆఫీసు క్యాంటీన్లో ముద్ద నోట్లో పెట్టుకుంటుంటే ఇప్పుడు నా బండి ఎక్కడుందో అనిపించేది. రోజూ వెళ్లేటప్పుడూ వచ్చాకా రీడింగు ఫోటో తీశాను. వెనక టైరు కింద నేల మీద సుద్దతో గీత గీశాను. రెండు వారాల్లో అంతా తేలిపోయింది. మంగళవారం ఇరవై రెండు కిలోమీటర్లు. గురువారం ఇరవై రెండు. మిగిలిన రోజుల్లో సున్నా. సాయంత్రానికి బండి మళ్లీ నా గీత మీదే నిలబడి ఉండేది. అంత శ్రద్ధగా పెట్టడం చూస్తే ఇంకా ఒళ్లు మండేది.

జయంతికి ఫోటోలన్నీ చూపించాను.

“రుక్కమ్మ కాలికి దెబ్బ తగిలి నెలపైనే అయింది. షుగరు కదా, మానట్లేదట. దవాఖానకు వెళ్లొస్తోంది” అంది. “వెళ్లి రాజయ్యనే అడక్కూడదూ?”

“అడిగితే చెప్తాడా?”

“చెప్తే మీరు నమ్ముతారా?”

నాన్న పక్క గదిలో రేడియో వింటున్నారు. రేడియో గొంతు ఉన్నట్టుండి తగ్గింది. వర్షం చప్పుడుకు వినిపించట్లేదని పెంచాల్సింది పోయి తగ్గించారేమిటని అప్పుడు నాకు తట్టలేదు.

నేను రాజయ్యను అడగలేదు. మా అసోసియేషన్ సెక్రటరీ భీమేశ్వరరావు గారి దగ్గరికి వెళ్లాను. ఆయన రెండేళ్లుగా వాచ్‌మన్‌ను తీసేసి ఏజెన్సీ సెక్యూరిటీని పెట్టాలని చూస్తున్నారు. నా మాట విని ఆయన ఆశ్చర్యపోలేదు. లోపలికి తిరిగి భార్యను పిలిచారు.

“జయలక్ష్మీ, మొన్న చూశానన్నావే, అది చెప్పు.”

ఆవిడ చేతులు తుడుచుకుంటూ వచ్చారు. “గురువారం అండీ. నేను మందుల షాపు దగ్గరున్నాను. మలుపులో రుక్కమ్మ మీ బండి మీద నుంచి దిగింది. గేటు దాకా రాకుండా అక్కడే దిగి నడిచొచ్చింది. నడిపినతను హెల్మెట్ పెట్టుకున్నాడు, మొహం కనపళ్లేదు. అయినా ఇంకెవరుంటారండీ?”

ఆగస్టు రెండో ఆదివారం పొద్దున పార్కింగులో మీటింగు పెట్టారు. పన్నెండు మంది వచ్చారు. నాన్న రానన్నారు. “పెద్దవారు, మీరు లేకపోతే ఎలాగండీ” అని భీమేశ్వరరావు గారే పైకొచ్చి తీసుకొచ్చి ముందు వరసలో కూర్చోబెట్టారు. రాజయ్య పంపు సెట్టు గోడకు ఆనుకుని నిలబడ్డాడు. రుక్కమ్మ గది గుమ్మంలో ఉంది. ఎడమ పాదానికి కట్టు, దాని మీద ప్లాస్టిక్ సంచి.

నేనే మొదలుపెట్టాను. ఆఫీసు మీటింగులో మాట్లాడినట్టే, గొంతు పెంచకుండా.

“రాజయ్యా, నా బండి తాళం నీ దగ్గర ఉంది కదా?”

“ఉంది సార్.”

“మంగళవారం, గురువారం నా బండి బయటికి పోతోంది. నీకు తెలుసా?”

“ఎర్కనే సార్.”

“రుక్కమ్మ దాని మీద కూర్చుందా, లేదా?”

“కూసుంది సార్. దవాఖానకు పోయొచ్చింది.”

“చూశారా అండీ, ఒప్పుకున్నాడు” అన్నారు భీమేశ్వరరావు గారు, అందరి వైపూ తిరిగి.

“గట్ల గాదు సార్...” అని రుక్కమ్మ గుమ్మం దిగబోయింది. రాజయ్య చెయ్యి అడ్డం పెట్టాడు. “నువ్వూకో.”

తర్వాత అతను ముందు వరస కుర్చీల వైపు చూశాడు. చాలాసేపు చూశాడు. నాన్న కళ్లద్దాలు తీసి పంచె అంచుతో తుడుచుకుంటున్నారు. పెద్దాయన జాలి కోసం చూస్తున్నాడని నేననుకున్నాను.

“ఒక్క మాట అడిగి తీసుకుంటే నేను కాదనేవాణ్ణా రాజయ్యా?” అన్నాను. ఆ మాట అంటున్నప్పుడు నేను చాలా మంచివాణ్ణనిపించింది నాకు.

“ఇంక చెప్పేదేమైనా ఉందా?” అని అడిగారు సెక్రటరీ గారు.

“నేను జెప్పేది గాదు సార్” అని, మొలకు కట్టుకున్న తాళాల గుత్తిలోంచి నా తాళం తీసి రెండు చేతులతో ఇచ్చాడు. “మీ చావి.”

బుధవారం నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి మెట్ల కింది గది ఖాళీగా ఉంది. ట్రాలీ ఆటోలో సామాను వేసుకుని పుప్పాలగూడ వెళ్లిపోయారని జయంతి చెప్పింది. వెళ్లేముందు రుక్కమ్మ మెట్లు కడిగి వెళ్లిందట.

మూడు వారాలు నేను తిరిగినదానికి మించి మీటర్ కదల్లేదు. కొత్త బుష్‌లు, రెండో మెట్టు, చప్పుడు లేదు. గేటు దగ్గర నీలం యూనిఫాం వేసుకున్న ఏజెన్సీ గార్డులు వచ్చారు. లోపలికొచ్చే బండినీ, బయటికెళ్లే బండినీ పెద్ద రిజిస్టర్లో రాసేవారు. నేను రీడింగు ఫోటోలు వరసగా జయంతికి చూపించి, “ఇప్పుడేమంటావ్?” అన్నాను.

“ఇప్పుడు మీకు ప్రశాంతంగా ఉందా?” అంది.

ఉంది అన్నాను. నిజానికి ఇంట్లో ఎవరికీ ప్రశాంతంగా లేదు. నాన్న పేపరు పట్టుకుని కిందికి దిగడం మానేశారు. పెరుగన్నం సగం తిని లేచిపోయేవారు. ఒంట్లో బాగాలేదా అంటే, వాతావరణం అనేవారు. డాక్టరు దగ్గరికి వెళ్దామంటే, వద్దురా అని గదిలోకి వెళ్లిపోయేవారు.

వినాయక నిమజ్జనాలు అయిన వారం, శుక్రవారం పొద్దున బండి తీశాను. మీటర్ చూసి ఆగిపోయాను. ఇదివరకు ఇరవై రెండు ఉండే చోట అరవై కిలోమీటర్లు పెరిగాయి. వంగి చూశాను. స్ప్రింగు నాలుగో మెట్టు మీద ఉంది.

రెండో తాళం నా బీరువాలో ఉంది. అంటే బండి తీసింది హాల్లో కొక్కేనికున్న తాళంతో. ఇంట్లో ఉండేది ముగ్గురం. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉన్నా చెప్పాలి. ఆ రోజంతా నేను నా భార్యను అనుమానించాను. ఆమె చీర కట్టుకుంటుంది. బండెక్కితే ఒక పక్కకే కూర్చుంటుంది. స్కూలుకు ఫోన్ చేసి, గురువారం జయంతి టీచర్ వచ్చారా అని ఎవరో పేరెంటులా అడిగాను. వచ్చారు, సాయంత్రం దాకా ఉన్నారు అని ఆఫీసమ్మాయి చెప్పింది. నాన్న పేరు అప్పటికీ నాకు తట్టలేదు. బండి మాట ఎత్తకు అని నేనన్నాను, ఆయన ఎత్తలేదు. నాకు అంతే తెలుసు.

సాయంత్రం గేటు దగ్గర గార్డును రిజిస్టర్ అడిగాను. గురువారం పేజీ తీశాడు. మా ఫ్లాటు మూడు వందల రెండు, బైకు. వెళ్లింది తొమ్మిదీ ఇరవై. వచ్చింది మూడూ ఐదు. పేరు రాయాల్సిన చోట ‘ముసలి సార్’ అని రాసి ఉంది.

“పేరడిగితే నవ్విండు సార్, చెప్పలే. మీ ఫాదరే గదా?” అన్నాడు గార్డు.

పైకి వెళ్లాను. వాన వచ్చేట్టుంది. నాన్న బాల్కనీలో ఆరేసిన బట్టలు తీసి, దివాను మీద కూర్చుని మడతలు పెడుతున్నారు.

“నిన్న ఎక్కడికెళ్లావు నాన్నా?”

చేతిలో ఉన్నది నా చొక్కా. కాలరు సరిచేసి, మడత పూర్తి చేశారు.

“పుప్పాలగూడ.”

“రాజయ్య దగ్గరికా?”

“రుక్కమ్మని ఆస్పత్రికి తీసుకెళ్లాను.” ఇంకో చొక్కా తీసుకున్నారు. “అంతకు ముందు తీసుకెళ్లిందీ నేనే. రాజయ్యకి బండి నడపడం రాదురా. తొమ్మిదేళ్లలో అతను కిక్ కొట్టడం నువ్వెప్పుడైనా చూశావా? నెడతాడంతే.”

నిజమే. ట్యాంకర్ వచ్చిన ప్రతిసారీ, వానలో కూడా, ఒక్కో బండినీ నెట్టడమే చూశాను.

“జూన్‌లో ఒక రోజు బస్టాపులో కనపడింది. మూడు బస్సులొచ్చాయి, మూడూ ఎక్కలేకపోయింది. ఆ కాలితో మెట్టు ఎక్కడం ఎలాగ? రాజయ్య గేటు వదిలి రాలేడు. ఇంటికొచ్చి నీ తాళం తీసుకున్నాను. వారానికి రెండుసార్లు కట్టు మార్చాలన్నారు. తీసుకెళ్తానన్నాను. మావాడికి చెప్పొద్దు అని రాజయ్య దగ్గర మాట తీసుకున్నాను.” ఆయన గొంతు తగ్గింది. “గేటు ముందు దిగితే ఎవరైనా చూస్తారని మలుపులో దింపేవాణ్ణి. ఆ నొప్పి కాలితో అక్కణ్ణుంచి నడిపించేవాణ్ణి.”

“మరి ఆ రోజు మీటింగులో...”

“అడుగుతావని తెలుసు.” చొక్కా ఒళ్లో పెట్టుకున్నారు. “స్కూటర్ అమ్మిన రోజు నువ్వు నన్ను చిన్నపిల్లాణ్ణి చూసినట్టు చూశావు. అందరి ముందూ మళ్లీ అలా చూస్తావనిపించింది. అదొకటి. భార్య పోయిన ముసలాడు వాచ్‌మన్ పెళ్లాన్ని వెనకేసుకుని తిరుగుతున్నాడని అంటారేమో అనిపించింది. జయలక్ష్మిగారు అక్కడే కూర్చుని ఉన్నారు. రాజయ్య నా వైపు చూశాడు. చెప్దామనే అనుకున్నాను. కళ్లద్దాలు తుడుచుకుని చెప్దామనుకున్నాను. తుడుచుకునేసరికి అతను నీకు తాళం ఇచ్చేశాడు.”

వాన మొదలైంది. బాల్కనీలో ఇంకా రెండు తువ్వాళ్లు తీగ మీదే ఉన్నాయి. ఇద్దరం లేవలేదు.

“ఆ తర్వాత మూడు వారాలు నేను వెళ్లలేదు. మొహం చెల్లలేదు. ఆ మూడు వారాలూ ఆమె కట్టు మార్పించుకోలేదు.”

“ఆటోలో వెళ్లొచ్చు కదా?”

“కొత్త చోటు, కొత్త పని, రోజూ పన్నెండు గంటల డ్యూటీ. ఈ వారం, పై వారం అనుకున్నారట. పోయిన వారం నేను బస్సులో వెళ్లేసరికి ఆస్పత్రిలో ఉంది. మొన్న ఇంటికి పంపారు.” నాన్న తన ఎడమ పాదం వైపు చూసుకున్నారు. “రెండు వేళ్లు తీసేశారు ఉదయ్.”

జయంతి వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో తెలియదు. వెళ్లి తడిసిపోయిన తువ్వాళ్లు తీసుకొచ్చింది.

ఆదివారం నాన్నా నేనూ భీమేశ్వరరావు గారింటికి వెళ్లాం. నేను చెప్తానంటే నాన్న ఒప్పుకోలేదు. కూర్చోమన్నా కూర్చోకుండా, సెక్రటరీ గారూ జయలక్ష్మిగారూ వింటుండగా నిలబడే చెప్పారు. “బండి నడిపింది నేనండీ. రాజయ్య కాదు. ఆ రోజు చెప్పకపోవడం నా తప్పు.”

“అయ్యో, అలాగా అండీ” అన్నారు భీమేశ్వరరావు గారు. “కానీ ఏజెన్సీతో ఏడాదికి సంతకం అయిపోయిందండి” అన్నారు. జయలక్ష్మిగారు నాన్న మొహంలోకి చూడలేక కాఫీ తెస్తానని లోపలికి వెళ్లారు. మేం కాఫీ దాకా ఆగలేదు. మిగిలిన ఫ్లాట్లకు నేనొక్కణ్ణే వెళ్లాను. కొందరు తలుపు సగం తెరిచి విన్నారు. ఒకాయన, “పోనీలెండి, ఎలాగూ మార్చాల్సిందే కదా” అన్నాడు.

మంగళవారం సెలవు పెట్టాను. నాన్న తాళం తీసి నా చేతిలో పెట్టబోతే, “నువ్వే నడుపు” అన్నాను. ఆయన వెనక కూర్చున్నాను. ముప్పై ఏళ్ల తర్వాత మళ్లీ అలా కూర్చోవడం. గుంత వచ్చినప్పుడల్లా ఆయన ముందే బ్రేకు వేసి, నెమ్మదిగా దింపి, మళ్లీ గేరు మార్చేవారు. నాకంటే బాగా నడిపారు.

పుప్పాలగూడలో, ఇంకా పునాదుల దశలో ఉన్న ఒక పెద్ద బిల్డింగు ముందు ఆపారు. రేకుల ప్రహరీ, లారీలు పోవడానికి రెండు రెక్కల రేకు గేటు, దాని పక్కన రేకుల గది. రాజయ్య స్టూలు మీద నుంచి లేచాడు. ఖాకీ చొక్కా కొత్తగా, ఒంటికి పెద్దదిగా ఉంది. నన్ను చూసి ఒక్క క్షణం ఆగి, అలవాటుగా చెయ్యి పైకి ఎత్తబోయి మధ్యలోనే దించేశాడు.

“సార్, రుక్కమ్మ తయారైంది” అన్నాడు నాన్నతో.

దారంతా కూడబలుక్కున్న మాటల్లో ఒక్కటీ గుర్తు రాలేదు. “తప్పైపోయింది రాజయ్యా” అన్నాను.

గేటు అవతల జేసీబీ మట్టి తవ్వుతోంది. ఆ రొద కాస్త ఆగాక అతను మాట్లాడాడు.

“మీరడిగిన దానికి నేను అబద్ధం జెప్పలే సార్. బండి మీద కూసుందా అన్నరు. కూసుంది అన్న. ఎవరు నడిపిన్రు అని ఇంకొక్క మాట అడుగుతరేమో అని సూసిన. అడగలే.”

“నువ్వే చెప్పాల్సింది.”

“పెద్దసారు కూసున్నడు గద. ఆయనకు మాటిచ్చిన. ఆయనే జెప్తడనుకున్న.”

నాన్న హెల్మెట్ తీయలేదు. తల కాస్త వంగింది, అంతే.

“వాపసు వచ్చెయ్” అన్నాను, అది నా చేతిలో లేదని తెలిసి కూడా. “అందరికీ చెప్పాను. ఎలాగోలా మాట్లాడతాను.”

“వద్దు సార్.” గొంతులో కోపం లేదు. “పొద్దుగాల లేసి మీకు మళ్ల నమస్తే వెట్టాలె గద. చెయ్యి లేవది.”

రేకుల గదిలోంచి రుక్కమ్మ వచ్చింది. చేతికర్ర, భుజానికి గుడ్డ సంచి, సంచిలోంచి బయటికి కనిపిస్తున్న దవాఖాన కాగితాలు. ఎడమ కాలికి పక్కలు కోసేసిన రబ్బరు చెప్పు. అడుగు ఎలా వేయాలో కొత్తగా నేర్చుకుంటున్నట్టు ముందు మడమ ఆనించి, ఆగి, తర్వాత బరువు వేస్తోంది.

“అమ్మా, ఇవాళ నేను తీసుకెళ్తాను” అన్నాను.

ఆమె నన్నూ, నాన్ననూ చూసింది. “వద్దు బిడ్డా. పెద్దసారు గుంత కనవడంగనే ‘పట్టుకోమ్మా’ అని చెప్తడు. నాకు ఆయనతోని అలవాటైంది.”

నేను బండి సీటు పట్టుకున్నాను, ఊగకుండా. రాజయ్య ఆమె భుజం పట్టుకుని ఎక్కించాడు. ఆమె ఒక పక్కకు కూర్చుని, కట్టు ఉన్న పాదాన్ని రెండు చేతులతో ఎత్తి ఫుట్‌రెస్టు మీద పెట్టుకుంది. నాన్న అద్దంలో చూస్తూ ఆగారు.

“కూర్చున్నావామ్మా?”

“ఆఁ, పోనియ్ సార్.”

బండి మలుపు తిరిగేదాకా చూశాం. జేసీబీ మళ్లీ మొదలైంది. రాజయ్య స్టూలు నా వైపు జరిపాడు. “కూసోండ్రి సార్. వాళ్లొచ్చేటాలకు రెండు మూడు గంటలైతది.” తను వెళ్లి గేటు దగ్గర నిలబడ్డాడు. నేనూ కూర్చోలేదు. ఏదైనా మాట్లాడాలనిపించింది. రుక్కమ్మ షుగరు గురించి అడగాలా, డ్యూటీ గురించి అడగాలా? ఏది అడిగినా అప్పుడడగాల్సిన ఆ ఒక్క మాటే మా ఇద్దరి మధ్యకూ వస్తుందని ఊరుకున్నాను.

కంకర లారీ వచ్చి హారన్ కొట్టింది. రాజయ్య గేటు ఒక రెక్క పట్టుకుని లోపలికి లాగాడు. రెండోది బురదలో కూరుకుపోయి ఉంది. నేను వెళ్లి దాన్ని పైకెత్తి పట్టుకుని తెరిచాను. బురద బూట్లలోకి దిగింది. లారీ మా ఇద్దరి మధ్య నుంచి లోపలికి వెళ్లింది. డ్రైవరు ఇద్దరికీ కలిపి ఒక చెయ్యి ఎత్తాడు.

రాజయ్య నా వైపు చూడలేదు. తన రెక్క మూసి, నాది కూడా మూసేదాకా ఆగి, గొలుసు వేశాడు.